రసీదు ఉన్న అర్జీ: ప్రత్యేక ఆరోగ్య అవసరాలున్న పిల్లల తల్లిదండ్రులకు ఒక మార్గదర్శిని

మా అబ్బాయికి సెరిబ్రల్ పాల్సీ (మెదడులోని లోపం వల్ల శరీర కదలికలు అదుపులో ఉండని స్థితి) ఉంది. ఇప్పుడు వాడికి పదిహేడేళ్లు. ఇన్నేళ్లలో ఆసుపత్రుల్లోనూ పాఠశాలల్లోనూ ప్రభుత్వ కార్యాలయాల్లోనూ వాడి కోసం మేము నోటిమాటగా అడిగినవి దాదాపు అన్నీ గాలికి పోయాయి. కాగితం మీద రాసి, రెండో ప్రతి మీద ముద్ర వేయించుకుని ఇంటికి తెచ్చుకున్నవాటిలో చాలా భాగం, ఆలస్యంగానైనా, జరిగాయి. అందువల్ల ఇక్కడ పథకాల జాబితా కంటే అడిగే పద్ధతి గురించే ఎక్కువగా రాస్తున్నాను. ఉదాహరణలు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలవి. చట్టాలు దేశమంతటికీ వర్తించేవి కాబట్టి బెంగళూరులోనో ముంబయిలోనో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు కూడా ఇందులో పనికివచ్చేది ఉంటుంది.

నోటుపుస్తకం, ఫైలు

మొదట కొనవలసినది రెండు వందల పేజీల గట్టి అట్ట నోటుపుస్తకం. ఆసుపత్రికి వెళ్లిన ప్రతిసారీ తేదీ, డాక్టరు పేరు, ఆయన చెప్పిన మాట, రాసిన మందు, దాని మోతాదు, బిడ్డ బరువు అదే రోజు రాత్రి అందులో రాయాలి; మర్నాటికి సగం మరిచిపోతాము. ఫిట్స్ వచ్చే పిల్లలైతే వచ్చిన సమయం, ఎంతసేపు ఉన్నది, ఏ వైపు మొదలైనది, జ్వరం ఉన్నదా లేదా అన్నవి తప్పనిసరిగా రాయాలి. ఇంట్లో రెండో మనిషి ఉంటే ఫోనులో వీడియో తీయడం మంచిది, ఎందుకంటే మనం పది నిమిషాలు వర్ణించేదానికంటే అర నిమిషం వీడియో డాక్టరుకు ఎక్కువ చెబుతుంది. మా పుస్తకంలోని ఒక నమోదు ఇలా ఉంటుంది: "మార్చి 11, మంగళవారం. ఉదయం 6.40. నిద్రలోంచి లేస్తూనే కుడి చెయ్యి కొట్టుకుంది. దాదాపు రెండు నిమిషాలు. జ్వరం లేదు. రాత్రి మందు వేయడం మరిచిపోయాము." ఆ చివరి వాక్యం రాయడానికి చెయ్యి రాదు. కాని డాక్టరు మోతాదు పెంచబోయి ఆగినది ఆ వాక్యం చూసిన తరువాతే.

రెండవది ఫైలు. బిడ్డ పుట్టిన ఆసుపత్రి ఇచ్చిన డిశ్చార్జి పత్రం అందులో మొదటి కాగితం కావాలి. పుట్టినప్పటి బరువు ఎంత, పుట్టగానే ఏడ్చాడా, ఎన్ని రోజులు ఇంక్యుబేటర్‌లో ఉంచారు అన్న ప్రశ్నలు పదేళ్ల తరువాత కూడా ప్రతి కొత్త డాక్టరూ అడుగుతారు. ఆ పత్రం పోయి ఉంటే ఆసుపత్రి రికార్డుల విభాగంలో రాతపూర్వకంగా అడగండి, ఏళ్లు గడిచేకొద్దీ దొరకడం కష్టమవుతుంది. అసలు పత్రాలు ఎవరికీ అప్పగించకూడదు. చూపించి, జెరాక్స్ ఇచ్చి, అసలు వెనక్కి తెచ్చుకోవాలి. ఇంకొక చిన్న సంగతి: ఆధార్, జనన ధ్రువపత్రం, బ్యాంకు పాసుపుస్తకం మూడింటిలోనూ బిడ్డ పేరు ఒకే స్పెల్లింగుతో ఉన్నదో లేదో ఇప్పుడే సరిచూసుకోండి. ఒక పత్రంలో ఇంటిపేరు పూర్తిగా, మరొకదానిలో పొడి అక్షరంగా ఉన్నందుకు మాకు నాలుగు నెలలు పోయాయి.

సదరం శిబిరానికి వెళ్లే ముందు

వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది. అది 21 రకాల వైకల్యాలను గుర్తిస్తుంది. చూపు, వినికిడి, నడక లోపాలు మాత్రమే వైకల్యాలని అనుకుని ఆగిపోయే కుటుంబాలు ఇప్పటికీ చాలా ఉన్నాయి. ఆటిజం, తలసీమియా, హీమోఫీలియా, సికిల్ సెల్ వ్యాధి, కండరాల క్షీణత, చదవడంలో రాయడంలో వచ్చే నిర్దిష్ట అభ్యసన లోపాలు కూడా ఆ జాబితాలో ఉన్నాయి. చాలా ప్రయోజనాలకు 40 శాతం వైకల్యం ఉన్నట్లు ధ్రువీకరణ అవసరం. మన రెండు రాష్ట్రాల్లో ఆ ధ్రువీకరణ సదరం శిబిరాల ద్వారా, అంటే డాక్టర్లు బిడ్డను చూసి వైకల్య శాతం నిర్ణయించే శిబిరాల ద్వారా, జరుగుతుంది. స్లాటు ఆంధ్రప్రదేశ్‌లో మీసేవలోగాని గ్రామ, వార్డు సచివాలయంలోగాని తీసుకోవచ్చు; తెలంగాణలో 2025 నుంచి దరఖాస్తు కింద చెప్పిన స్వావలంబన్ పోర్టల్ ద్వారా జరుగుతున్నది. దేశమంతటా చెల్లే వికలాంగుల గుర్తింపు కార్డుకు (యూడీఐడీ) స్వావలంబన్ పోర్టల్ ఉంది. ఆ కార్డు రంగును బట్టే శాతం తెలిసేటట్లు 40 లోపు ఉన్నవారికి తెలుపు, ఆపైన పసుపు, 80 నుంచి నీలం అని 2024 నిబంధనల్లో పెట్టారు.

ఈ పత్రం దగ్గర తల్లిదండ్రులు చేసే పొరపాటు ఒకటి ఉంది. నేను కూడా చేశాను. శిబిరంలో డాక్టరుకు ఒక్కొక్క బిడ్డను చూడటానికి దొరికేది కొద్ది నిమిషాలు. ఆయన తలెత్తకుండానే "బాబు అన్నం తింటాడా?" అని అడుగుతారు. "ఆ, తింటాడండీ" అంటాము. "నడుస్తాడా?" "నడుస్తాడండీ." "మాటలు?" "అన్నీ అర్థమవుతాయండీ, బంగారం." బిడ్డ లోపాన్ని పైవాళ్ల ముందు చెప్పుకోవడం మన ఇళ్లలో నామోషీ; పైగా ఆ బిడ్డే పక్కన కూర్చుని వింటూ ఉంటాడు. చెప్పినది అబద్ధం కాదు, కాని డాక్టరుకు కావలసిన సమాధానం కూడా కాదు. అదే ప్రశ్నకు సరైన జవాబు ఇది: "కలిపి ముద్దలు చేసి పెడితే మింగుతాడు. తానుగా కలుపుకోలేడు. చెంచా ఇస్తే నోటి దాకా రాకముందే ఒలికిపోతుంది. ఒక పూట అన్నానికి నలభై నిమిషాలు పడుతుంది. ముద్ద గట్టిగా ఉంటే పొలమారుతుంది." తింటాడన్నదీ నిజమే, ఇదీ నిజమే. కాగితం మీదికి ఎక్కవలసినది రెండోది.

అందుకని శిబిరానికి వారం ముందు ఒక తెల్లకాగితం తీసుకుని తిండి, స్నానం, దొడ్డికి వెళ్లడం, బట్టలు వేసుకోవడం, నడక, మాట, నిద్ర, చెప్పకుండా బయటికి వెళ్లిపోయే అలవాటు అన్న శీర్షికల కింద బిడ్డ తానుగా ఏమి చేయగలడు, ఏ పనికి ఎవరి సాయం కావాలి, ఎంతసేపు పడుతుంది అన్నవి రాయండి. మంచి రోజును చూసి కాకుండా మామూలు రోజును చూసి రాయండి. ఆ కాగితాన్ని చికిత్స రిపోర్టుల పైన పెట్టి డాక్టరు చేతికి ఇవ్వండి. బిడ్డ ముందు నోటితో చెప్పలేని మాటలన్నీ ఆ కాగితమే చెబుతుంది. ఉన్నదానికంటే ఎక్కువ చేసి రాయడం మాత్రం తప్పు, ప్రమాదం కూడా. 2025లో ఆంధ్రప్రదేశ్‌లో వికలాంగ పింఛన్లను మళ్లీ పరిశీలించినప్పుడు పాత చికిత్స రికార్డులు వరుసగా పెట్టుకున్నవారికే తమ మాట నిలబెట్టుకోవడం సులువైంది.

శాతం తక్కువగా వచ్చిందని మీకు అనిపిస్తే శిబిరం గుమ్మం దగ్గర వాదించి ప్రయోజనం లేదు. చట్టంలోని 59వ సెక్షన్ అప్పీలుకు అవకాశం ఇస్తుంది. నిపుణుల తాజా నివేదికలు జతచేసి రాతపూర్వకంగా, ఆలస్యం చేయకుండా వేయాలి. చిన్నపిల్లలకు తరచుగా తాత్కాలిక పత్రమే ఇస్తారు. దాని గడువు తేదీని ఇంట్లో గోడ క్యాలెండరు మీద మూడు నెలల ముందే గుర్తుపెట్టుకోవాలి, ఎందుకంటే గడువు దాటితే పింఛను ఆగిపోవచ్చు, మళ్లీ స్లాటు దొరకడానికి వారాలు పట్టవచ్చు. పింఛను తెలంగాణలో 2023 జూలై నుంచి నెలకు 4,016 రూపాయలు, ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుంచి 6,000 రూపాయలు. పూర్తిగా మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవారికి ఆంధ్రప్రదేశ్‌లో 15,000 రూపాయలు.

వైద్యం, థెరపీ, బీమా

ధ్రువపత్రం చేతికి వచ్చేదాకా థెరపీ కోసం ఆగకూడదు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పుట్టినప్పటి నుంచి పద్దెనిమిదేళ్ల వరకు పిల్లలను పరీక్షిస్తారు. జిల్లా ఆసుపత్రుల్లో ఉండే సత్వర చికిత్సా కేంద్రాలను డైస్ అని పిలుస్తారు, అక్కడ ఫిజియోథెరపీ, మాటల శిక్షణ, వినికిడి పరీక్ష ఒకే కప్పు కింద జరుగుతాయి. అంగన్‌వాడీ కార్యకర్తను, ఆశా కార్యకర్తను అడిగితే దారి చెబుతారు. మేధో వైకల్యం అనుమానం ఉన్న పిల్లలకు సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని జాతీయ సంస్థ ఉంది; నెల్లూరులో వికలాంగుల పునరావాసానికి కేంద్ర ప్రభుత్వ సమ్మిళిత ప్రాంతీయ కేంద్రం ఉంది. అరుదైన జన్యువ్యాధులకు 2021 జాతీయ విధానం కింద హైదరాబాద్‌లో సీడీఎఫ్‌డీ అనే జన్యు పరిశోధన సంస్థ, నిమ్స్ ఆసుపత్రి కలిసి ఉత్కృష్టతా కేంద్రంగా పనిచేస్తున్నాయి. అర్హత ఉన్న రోగికి 50 లక్షల రూపాయల వరకు సాయం ఆ కేంద్రం ద్వారానే వస్తుంది కాబట్టి పేరు అక్కడ నమోదు కావాలి.

నిరామయ అనే ఆరోగ్య బీమా గురించి తెలిసిన కుటుంబాలు తక్కువ. 1999 నాటి జాతీయ ట్రస్టు చట్టం పరిధిలోకి వచ్చే ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలు ఉన్నవారికి సంవత్సరానికి లక్ష రూపాయల వరకు ఇది వర్తిస్తుంది. చేరడానికి ముందస్తు వైద్యపరీక్షలు లేవు. మామూలు పాలసీలు పట్టించుకోని ఓపీ (ఆసుపత్రిలో చేరకుండా చూపించుకునే) ఖర్చు, థెరపీ ఖర్చు ఇందులో కొంత పరిమితి మేరకు వస్తాయి. ముందు మనం ఖర్చు పెట్టి తరువాత బిల్లులు పంపాలి, అందుకని ప్రతి థెరపీ బిల్లు మీద తేదీ, సంతకం, థెరపిస్టు రిజిస్ట్రేషన్ నంబరు ఉండేటట్లు అక్కడికక్కడే చూసుకోండి. భారత పునరావాస మండలిలో నమోదైన నంబరు (ఇది మాటల శిక్షణ, ప్రత్యేక విద్య వంటివి ఇచ్చేవారికి; ఫిజియోథెరపిస్టులకు కాదు) అడిగితే నిజమైన థెరపిస్టు నొచ్చుకోరు; నొచ్చుకున్నవారి దగ్గరికి వెళ్లకపోవడమే మేలు. ఆటిజాన్ని స్టెమ్ సెల్స్‌తో నయం చేస్తామని లక్షలు అడిగేవారి మాటకు శాస్త్రీయ రుజువు లేదు. ఆ డబ్బుతో ఎన్ని నెలల మాటల శిక్షణ వస్తుందో ఒకసారి లెక్క వేసుకోండి.

బడికి రాసే ఉత్తరం

"మా బడిలో ఇలాంటి పిల్లలకు సదుపాయం లేదండీ" అన్న మాట మేము మూడు చోట్ల విన్నాము. ముగ్గురూ మర్యాదగానే చెప్పారు, ఒకచోట టీ కూడా ఇచ్చారు. మూడోసారి మాత్రం మా బావగారు, ఆయన కోర్టులో గుమస్తా, "అదే మాట కాగితం మీద రాసి ఇవ్వండి సార్" అన్నారు. రాసి ఇవ్వలేదు, సీటు ఇచ్చారు. ప్రభుత్వ నిధులతో నడిచే లేదా ప్రభుత్వం గుర్తించిన ఏ విద్యాసంస్థ అయినా వైకల్యం ఉన్న బిడ్డను వివక్ష లేకుండా చేర్చుకోవాలని, భవనాన్ని అందుబాటులో ఉంచాలని, బిడ్డ అవసరాన్ని బట్టి తగిన సర్దుబాట్లు చేయాలని వికలాంగుల హక్కుల చట్టంలోని 16వ సెక్షన్ చెబుతుంది. 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్న పిల్లలకు ఆరు నుంచి పద్దెనిమిదేళ్ల వరకు దగ్గరలోని బడిలోగాని, వారు ఎంచుకున్న ప్రత్యేక పాఠశాలలోగాని ఉచిత విద్య 31వ సెక్షన్ ఇచ్చిన హక్కు. తీవ్ర వైకల్యం ఉన్నవారు ఇంటి దగ్గరే చదువుకునే అవకాశాన్ని విద్యాహక్కు చట్టానికి 2012లో చేసిన సవరణ ఇచ్చింది.

సెక్షన్లు తెలిసినంత మాత్రాన ఉత్తరం నిండా సెక్షన్లు నింపకూడదు. ఒక్కటి చాలు. ఇబ్బంది ఏమిటి, దానివల్ల బిడ్డకు ఏమవుతున్నది, బడి ఏమి చేయాలి, ఏ తేదీలోగా జవాబు కావాలి అన్న వరుసలో రాస్తే చదివేవారికి పని సులువవుతుంది. మేము రాసినది ఇది:

"గౌరవనీయులైన ప్రధానోపాధ్యాయులు గారికి నమస్కారములు. మా అబ్బాయి మీ పాఠశాలలో ఆరో తరగతి చదువుతున్నాడు. సెరిబ్రల్ పాల్సీ వల్ల మెట్లు ఎక్కలేడు, వేగంగా రాయలేడు. ఈ సంవత్సరం ఆరో తరగతి గది మొదటి అంతస్తులో ఉన్నందువల్ల రోజుకు రెండుసార్లు వాడిని ఎత్తుకుని తీసుకెళ్లవలసి వస్తున్నది. వికలాంగుల హక్కుల చట్టం 16వ సెక్షన్ ప్రకారం ఆరో తరగతి గదిని కింది అంతస్తుకు మార్చవలసిందిగాను, పరీక్షల్లో గంటకు 20 నిమిషాల అదనపు సమయం ఇవ్వవలసిందిగాను, మధ్యాహ్న భోజన సమయంలో అన్నం తినిపించడానికి వాడి అమ్మమ్మను లోపలికి అనుమతించవలసిందిగాను కోరుతున్నాను. జూలై 10లోగా లిఖితపూర్వకంగా జవాబు ఇవ్వగలరు. జత: సదరం పత్రం నకలు, ఫిజియోథెరపిస్టు నివేదిక."

ఇందులో "దయతో", "జాలితో" అన్న మాటలు లేవు. వాటిని మా మొదటి చిత్తులోంచి కొట్టేసినవారు కూడా బావగారే. తరగతి గది పదిహేను రోజుల్లో మారింది. అదనపు సమయం అర్ధసంవత్సర పరీక్షలకు గాని రాలేదు. అమ్మమ్మను మాత్రం ప్రధానోపాధ్యాయులు ఉత్తరం చదువుతూనే రేపటి నుంచి రమ్మన్నారు.

ప్రభుత్వ బడి అయితే మండలంలోని భవిత కేంద్రం సంగతి తెలుసుకోండి. సమగ్ర శిక్ష అనే పాఠశాల విద్యా పథకం కింద నడిచే ఈ కేంద్రాల్లో ఐఈఆర్‌పీ అని పిలిచే ప్రత్యేక ఉపాధ్యాయులు ఉంటారు, ఫిజియోథెరపీ శిబిరాలు జరుగుతాయి, కదలలేని పిల్లల ఇంటికి వెళ్లి చదువు చెప్పే ఏర్పాటు కూడా అక్కడి నుంచే. ఆడపిల్లలకు నెలకు 200 రూపాయల చొప్పున పది నెలలు స్టైపెండు ఉంటుంది. రవాణా భత్యం, తోడు వచ్చేవారి భత్యం ఉన్నాయి. అడిగినవారి పేర్లే జాబితాలోకి ఎక్కుతాయి. పదో తరగతి పరీక్షలకు రాసిపెట్టే సహాయకుడు, అదనపు సమయం కావాలంటే హాల్ టికెట్లు వచ్చిన తరువాత పరుగెత్తి లాభం లేదు. విద్యార్థుల వివరాలు బోర్డుకు వెళ్లే సమయానికే, అంటే విద్యాసంవత్సరం మొదటి సగంలోనే, అర్జీ బడిలో ఉండాలి.

జవాబు రానప్పుడు

అర్జీని ఎప్పుడూ రెండు ప్రతులుగా తీసుకెళ్లాలి. ఒకటి టపాల్ సెక్షన్‌లో (వచ్చిన కాగితాలు తీసుకుని నమోదు చేసే చోట) ఇచ్చి, రెండో దాని మీద ఇన్‌వార్డు నంబరు, తేదీ, ముద్ర వేయించుకోవాలి. "సార్ లేరు, టేబుల్ మీద పెట్టి వెళ్లండి" అంటే పెట్టకూడదు; స్పీడ్ పోస్టులో పంపి ఆ రసీదును ఫైలులో పెట్టుకోవాలి. టపాల్ గుమస్తాతో ఎప్పుడూ మంచిగా ఉండండి. మన కాగితం ఏ బల్ల మీద నిద్రపోతున్నదో ఆఫీసరుకు తెలియకపోయినా ఆయనకు తెలుస్తుంది.

ఇచ్చిన గడువు దాటితే బడి విషయంలో మండల విద్యాధికారికి, ఆపైన జిల్లా విద్యాధికారికి పాత అర్జీ నకలు జతచేసి రాయాలి. అప్పటికీ కదలిక లేకపోతే కలెక్టరేట్‌లో సోమవారం జరిగే అర్జీల స్వీకరణకు వెళ్లవచ్చు. దానిని తెలంగాణలో ప్రజావాణి అంటారు, ఆంధ్రప్రదేశ్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదిక అంటారు. అక్కడ ఇచ్చే నంబరు లేకుండా ఇంటికి రావద్దు.

దీనికంటే ఎక్కువగా పనిచేసేది, మా అనుభవంలో, సమాచార హక్కు దరఖాస్తు. ఇందులో కూడా అడిగే తీరును బట్టే ఫలితం. "నా కొడుకుకు పింఛను ఎందుకు ఇవ్వలేదు?" అని అడిగితే కారణాలు చెప్పడం మా పని కాదని జవాబు వస్తుంది, ఎందుకంటే 2005 చట్టం ఇచ్చినది రికార్డులు చూసే హక్కు. "ఫలానా తేదీన, ఫలానా ఇన్‌వార్డు నంబరుతో నేను ఇచ్చిన అర్జీ మీద ఏ తేదీన ఏ అధికారి ఏ చర్య తీసుకున్నారో తెలిపే నోట్ ఫైలు పేజీల నకళ్లు ఇవ్వగలరు" అని అడగాలి. నకలు ఇవ్వాలంటే ఆ ఫైలు తెరవాలి, తెరిచి చూస్తే పని ఆగిన చోటు బయటపడుతుంది. మన రాష్ట్రాల్లో గ్రామస్థాయి కార్యాలయానికి రుసుము లేదు, మండలస్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. జవాబుకు గడువు 30 రోజులు. రాకపోతే మరో 30 రోజుల్లో మొదటి అప్పీలు వేయాలి.

హక్కును నిరాకరించారనిపించినప్పుడు రాష్ట్ర వికలాంగుల కమిషనరుకు నేరుగా ఫిర్యాదు చేయవచ్చు. వికలాంగుల హక్కుల చట్టాన్ని ఉల్లంఘించినవారికి దాని 89వ సెక్షన్ కింద మొదటిసారి 10,000 రూపాయల వరకు, మళ్లీ ఉల్లంఘిస్తే 50,000 నుంచి 5 లక్షల రూపాయల వరకు జరిమానా ఉంటుంది. వకీలు అవసరమైతే జిల్లా కోర్టు ప్రాంగణంలోని న్యాయసేవాధికార సంస్థ వైకల్యం ఉన్నవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా ఏర్పాటు చేస్తుంది, 15100కు ఫోను చేసి కూడా అడగవచ్చు.

ఈ పనులన్నీ ఒక్క కుటుంబమే చేయనవసరం లేదు. థెరపీ కేంద్రం బయట బల్ల మీద రోజూ కలిసే నలుగురు తల్లులే ఒక సంఘం. ఒకరు బ్యాంకు పని తెలిసినవారై ఉంటారు, ఒకరి ఇంట్లో కంప్యూటరు ఉంటుంది, ఒకరికి సోమవారం సెలవు పెట్టే వీలు ఉంటుంది. మండలానికి ఫిజియోథెరపిస్టు కావాలని ఒకరు అడిగితే చూద్దామంటారు, పదిహేను మంది సంతకాలు పెట్టి అడిగితే తేదీ చెబుతారు. మేధో వైకల్యం ఉన్న పిల్లల తల్లిదండ్రుల సంఘాలకు దేశస్థాయిలో పరివార్ అనే సమాఖ్య ఉంది. వాట్సాప్ గ్రూపు పెట్టుకుంటే అందులో పిల్లల ధ్రువపత్రాలు, ఆధార్ ఫొటోలు పెట్టవద్దు.

పద్దెనిమిదేళ్లు నిండేలోగా

బిడ్డకు పద్దెనిమిదేళ్లు నిండిన రోజు నుంచి చట్టం దృష్టిలో మనం వాడి సంరక్షకులం కాము. బ్యాంకు ఖాతా నడపడానికి, ఆపరేషనుకు సంతకం పెట్టడానికి ఇబ్బందులు అక్కడి నుంచి మొదలవుతాయి. నిరామయకు అర్హత ఉన్న ఆ నాలుగు రకాల వైకల్యాల వారికి కలెక్టరు అధ్యక్షతన ఉండే స్థానిక స్థాయి కమిటీ చట్టబద్ధ సంరక్షకులను నియమిస్తుంది. ఇది కోర్టు చుట్టూ తిరిగే పని కాదు, కాని నెలలు పట్టవచ్చు, అందుకని కావలసిన పత్రాలు పదిహేడో ఏడే సిద్ధం చేసుకోవాలి. మేము ఇప్పుడు చేస్తున్న పని అదే. తల్లిదండ్రుల్లో ఎవరైనా ప్రభుత్వోద్యోగి అయితే, సొంతంగా సంపాదించుకోలేని వికలాంగ సంతానానికి జీవితాంతం కుటుంబ పింఛను వచ్చే నిబంధన ఉంది. ఉద్యోగంలో ఉండగానే కుటుంబ వివరాల్లో బిడ్డ పేరు, వైకల్యం నమోదు చేయించాలి. తరువాత చేయించవలసివస్తే ఆ భారం తోబుట్టువుల మీద పడుతుంది.

ఫైలు చివర ఒక పేజీ ఖాళీగా ఉంచి, దాని పైన "వీడిని చూసుకునేవారికి" అని రాయండి. మందుల పేర్లు, వేళలు, పడనివి, ఫిట్స్ వస్తే చేయవలసినది, ఏ ఆసుపత్రికి తీసుకెళ్లాలి, ఏది వింటే భయపడతాడు, ఏది ఇస్తే శాంతిస్తాడు అన్నవి అందులో ఉండాలి. ఆ పేజీ నకలు ఇంకో ఇంట్లో, నమ్మకమైన వారి దగ్గర ఉంచాలి. మా ఇంట్లో ఆ పేజీని పద్నాలుగేళ్ల మా అమ్మాయి రాసింది. మిక్సీ వేసే ముందు వాడికి చెప్పాలని, రాత్రి ఎడమవైపు పడుకోబెడితేనే నిద్రపోతాడని అందులో ఉంది. ఆ రెండోది అప్పటిదాకా నాకు తెలియదు.